ఊరికో జట్టు, జట్టుకో కిటుకు

సంక్రాంతి నెల పట్టిందంటే కృష్ణా డెల్టా ఊళ్ళలో ఒక చిన్న పుస్తకం చేతులు మారుతుంది. కుక్కుట శాస్త్రం. ఎర్ర పుంజు డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ. ఇంకా నెమలి, పర్ల, పింగళ అంటూ రంగుల పట్టీ సాగుతుంది. ఏ వారం, ఏ పక్షం, ఏ జాములో ఏ రంగు దేనిమీద గెలుస్తుందో అందులో రాసి ఉంటుంది. ఈకల రంగుకూ గెలుపుకూ సంబంధం ఉందనడానికి ఆధారమేమీ లేదు. పుంజులకు కత్తులు కట్టి వదలడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందెం కాస్తే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా వర్తిస్తుంది. బరి పక్కన నెత్తురోడుతూ పడున్న పుంజును దగ్గరగా చూసినవాణ్ణి, ఆ చట్టాలు రెండూ ఉండి తీరాలంటాను.

అయినా ఆ పుస్తకాన్ని అవతల పారెయ్యలేను. అందులో ఒక గట్టి ఊహ ఉంది. అన్నిటినీ ఎప్పుడూ గెలిచే రంగు అందులో లేదు. ఇవాళ కాకిని కొట్టిన డేగ రేపు అదే కాకి చేతిలో పడుతుంది. బలం పుంజులో ఎంతుందో, ఎదురుగా ఉన్నదాంట్లోనూ నిలబడ్డ వేళలోనూ అంత ఉంటుంది. కుక్కుట శాస్త్రం రాసినవాళ్ళకు తెలియకుండానే అది ఒక ఆటకు అస్థిపంజరం అయింది.

అదే అస్థిపంజరం మీద జపాన్‌లో ఒక ఆట పుట్టింది. సతోషి తజిరి టోక్యో శివారు మచిదాలో పెరిగాడు. చిన్నతనమంతా పురుగులు పట్టడమే పని. తోటిపిల్లలు అతన్ని పురుగుల డాక్టరు అనేవారట. ఊరు పెరిగి చెరువులూ చేలూ ఇళ్ళ కిందికి పోయాక, ఆ పురుగుల వేట సరదాని కొత్త పిల్లలకు ఇవ్వాలనుకున్నాడు. 1996 ఫిబ్రవరి 27న గేమ్‌బాయ్ అనే చేతి ఆటపరికరం మీద పోకెమాన్ రెడ్, గ్రీన్ వచ్చాయి. పట్టుకుని, జట్టుకట్టి, పోరుకు దించడానికి 151 జీవులు, 15 వర్గాలు. ఇప్పుడు వర్గాలు 18. నీరు నిప్పును కొడితే దెబ్బ రెట్టింపు. నిప్పు నీటిని కొడితే సగం. మట్టి మీద విద్యుత్తు అసలు పనిచేయదు. ఒకే జీవికి రెండు వర్గాలుండి, రెండూ ఒకే దెబ్బకు లోకువైతే నాలుగింతలు.

ఈ ఆటలో ఊరికో జిమ్ ఉంటుంది, జిమ్‌కో పెద్ద ఉంటాడు. ఆ పెద్ద జట్టంతా ఒకే వర్గం. మొదటి ఊళ్ళో బ్రాక్ రాళ్ళ జట్టు, రెండో ఊళ్ళో మిస్టీ నీటి జట్టు, మూడో ఊళ్ళో సర్జ్ విద్యుత్ జట్టు. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ, ఇలాంటి జట్టును తయారుచేసేవాడికి మొదటి రోజే ఒక చిక్కు ఎదురవుతుంది. జట్టంతా ఒకే వర్గమైతే అన్ని తాళాలకూ ఒకే తాళంచెవి సరిపోతుంది. ఆటగాడు ఆ ఒక్క చెవి తెచ్చుకుంటే పోరు ముగిసినట్టే.

పోకెమాన్ రూపకర్తలు ఈ చిక్కును విప్పిన తీరు గమనించదగ్గది. తాళంచెవిని దాచడం మానేసి, దాన్ని ఊరి పొలిమేరలో పెట్టారు. సర్జ్ ఉన్న ఊరి పక్కనే ఒక సొరంగం, అందులో మట్టి వర్గపు డిగ్లెట్లు. విద్యుత్తు వాటిని తాకలేదు. వాటిని వెతికి పట్టుకున్న పిల్లవాడికి ఆ గెలుపు తన బుర్రతో సాధించుకున్నదే. తర్వాత 1998లో వచ్చిన ఎల్లో ఆటలో పిల్లలకు మొదటే పికాచు అనే విద్యుత్ జీవిని ఇచ్చారు. బ్రాక్ జీవులు రాయీ మట్టీ కలిసినవి కనుక పికాచు మెరుపులు వాటిమీద సున్నా. అందుకని బ్రాక్ దగ్గరికి చేరకముందే, పాత ఆటలో లేని చోట, మల్లయుద్ధం చేసే మాంకీ అనే కోతిని పెట్టారు. ప్రత్యర్థి జట్టంటే ఒక ప్రశ్నపత్రం. జవాబుకు కావలసిన పాఠం పరీక్షకు ముందే పిల్లవాడి దారిలో పడాలి.

ఇంకో దారి 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటల్లో కనిపిస్తుంది. విట్నీ అనే జిమ్ పెద్ద దగ్గర మిల్‌టాంక్ అనే గులాబిరంగు పాడిఆవు ఉంటుంది. ప్రపంచంలో ఎందరు పిల్లలు దానితో ఓడి ఏడ్చారో లెక్కలేదు. ఆవు ఒంటిమీద బలమైన వర్గమేదీ లేదు, సాదా వర్గమే. దాని బలమంతా దొర్లుడు దెబ్బలో ఉంది. తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ రెట్టింపవుతుంది: 30, 60, 120, 240, 480. గురి తప్పితే మళ్ళీ 30కి దిగుతుంది. గాయమైతే తన పాలు తానే తాగి కోలుకుంటుంది. మొదటి రెండు దెబ్బల్లోపు ఆపాలి, లేకపోతే ఆపలేం. విట్నీ నేర్పే పాఠం వేగం గురించి. వర్గం ఆ జట్టుకు ఒంటిమీద చొక్కా లాంటిది. నియమం దాని వెన్నెముక. ఆ తేడా పట్టుకున్న జిమ్ పెద్దలే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా గుర్తున్నారు.

ఒకటి ఇంకొకదానికి లోకువయ్యే ఇలాంటి చక్రాలు ప్రకృతిలోనూ ఉన్నాయి. తజిరి ఆట వచ్చిన ఆ 1996లోనే బారీ సినర్వో, కర్టిస్ లైవ్లీ కాలిఫోర్నియా బల్లుల మీద తమ పరిశోధనను నేచర్ పత్రికలో ప్రచురించారు. ఆ మగబల్లుల గొంతు మూడు రంగుల్లో ఉంటుంది. నారింజ గొంతువి పెద్ద జాగా ఆక్రమించి నీలివాటిని తరిమేస్తాయి. నీలి గొంతువి తమ ఆడబల్లిని కనిపెట్టుకుని ఉండి, దొంగచాటుగా వచ్చే పసుపువాటిని పట్టేస్తాయి. పసుపు గొంతువి ఆడబల్లుల్లా కనిపిస్తూ, పెద్ద జాగాను కాచుకోలేక సతమతమయ్యే నారింజవాటి ఇలాకాలోకి దూరుతాయి. రాయి, కాగితం, కత్తెర. ఏ రంగు మరీ పెరిగినా దాన్ని ఓడించే రంగుకు పంట పండుతుంది.

నా మటుకు అంతకంటే విలువైనది 2002లో బెంజమిన్ కెర్, సహచరులు ఇ-కోలై బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగం. మూడు రకాలు తీసుకున్నారు. ఒకటి విషం తయారుచేస్తుంది. ఒకటి ఆ విషానికి చస్తుంది, కానీ త్వరగా పెరుగుతుంది. మూడోది విషానికి తట్టుకుంటుంది. విషపుది రెండోదాన్ని చంపుతుంది, రెండోది పెరుగుదలలో మూడోదాన్ని దాటిపోతుంది, మూడోది విషపుదాన్ని దాటిపోతుంది. వీటిని గాజుపళ్ళెం మీద ఎక్కడివక్కడ ఉంచి పెంచితే మూడూ నిలిచాయి. సీసాలో వేసి కలియబెడుతూ పెంచితే విషానికి తట్టుకునేది ఒక్కటే మిగిలింది. జీవులు అవే, నియమాలు అవే. చోటు పోయింది, వైవిధ్యం పోయింది.

ఆటల్లోనూ ఇది జరిగింది. 2016 డిసెంబరులో పోకెమాన్ గో మన దేశంలో జియోతో కలిసి అడుగుపెట్టింది. అందులో జిమ్‌లు నిజమైన ఊళ్ళలో, నిజమైన గుళ్ళూ పార్కులూ విగ్రహాల దగ్గర ఉంటాయి. కానీ అక్కడ ఏ జట్టు నిలవాలో ఊరు తేల్చదు. ఎవరి దగ్గర బలమైన జీవి ఉంటే వారు దాన్ని పెడతారు. చివరికి ఏ ఊరి జిమ్ చూసినా బ్లిస్సీ అనే దెబ్బలకు లొంగని ఒకే జీవి కూర్చుని కనిపించింది. 2017 జూన్‌లో ఒక జిమ్‌లో ఒక జాతి జీవి ఒక్కటే ఉండాలని నిర్వాహకులు నియమం పెట్టాల్సి వచ్చింది. కలియబెట్టిన సీసా కథే ఇది.

మరి జట్టు ఆ ఊరి మట్టిలోంచే రావాలంటే? మన దిగువ కృష్ణలో బందరుకో జట్టు, గుడివాడకో జట్టు, దివిసీమకో జట్టు తయారుచేస్తే ఎలా ఉంటుందో చూద్దామని అట్టముక్కలు కోసి కార్డులు రాశాను. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు గుడివాడ నుంచి వచ్చినప్పుడు ముందు బందరు జట్టు దించాను. మూడు జీవులూ నీటి వర్గమే. ఒక్కోదానికి 60 ప్రాణం, దెబ్బ 20. వాడు ఒకే ఒక మొక్క వర్గపు జీవిని తీశాడు, ప్రాణం 80. మొక్క నీటిని కొడితే రెట్టింపు, అంటే 40. నీరు మొక్కను కొడితే సగం, 10. ఒక్కో జీవి రెండేసి దెబ్బలకు పడింది. ఆరు దెబ్బల్లో నా జట్టు అయిపోయింది, వాడి జీవికి 80లో 50 ఇంకా ఉంది. కార్డులు పక్కకు నెట్టి వాడన్న మాట ఇది: “మూడు కార్డులెందుకు మావయ్యా? ఒకటే మూడుసార్లు వచ్చింది కదా.”

నిజమే. దాంతో కార్డులు వదిలి, పాటు వేళ చూసుకుని గిలకలదిండి దాటి మడ వైపు వెళ్ళాను. ఒక గంట కదలకుండా కూర్చుంటే బురద తనంతట తానే మాట్లాడుతుంది. పోటు వెనక్కి తీసేకొద్దీ మడచెట్ల చుట్టూ వేలంత ఊపిరివేళ్ళు మేకుల్లా బయటపడ్డాయి. గాలి లేని బురదలో బతకడానికి చెట్టు పైకి పంపిన గొట్టాలవి. ఆకు వెనక వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పన. వేళ్ళు పీల్చిన ఉప్పును ఆకులు బయటికి కక్కుతాయి. ఇంతలో వేలెడంత మడ్‌స్కిప్పర్ చేప ఒకటి రెక్కల మీద మోచేతులాన్చినట్టు ఆని బురద మీదికి గెంతింది. తడి చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి పీల్చుకుంటుందది. తడి ఆరకుండా మధ్యమధ్యలో పక్కకు పొర్లుతోంది. చిన్నచిన్న పీతలు రాలిన మడ ఆకుల్ని బొరియల్లోకి లాక్కుపోతున్నాయి. మనం వండుకునే మండపీత వేరు, అది మాంసం తినేది. ఈ చిన్నవి ఆకులూ మడ మొలకలూ తింటాయి.

జవాబు అక్కడే దొరికింది. మొక్కను తినే పీత మొక్కకు లోకువ కావడమేమిటి? దాన్ని బురద వర్గంలో వేసి, మొక్క దెబ్బ దానికి మామూలుగా 20 మాత్రమే తగిలేలా మార్చాను. గట్టి డొప్ప ఉంది కనుక మొదటి దెబ్బ సగం. దాని దెబ్బ మొక్క మీద పూర్తిగా 20. మళ్ళీ ఆడాం. పీత నాలుగు దెబ్బలు కాచి, మూడు దెబ్బలు కొట్టి పడింది. మేనల్లుడి మొక్కకు 20 మిగిలింది. అయిదో విడతలో, అదే బురద వర్గంలో వేసిన మడ్‌స్కిప్పర్ వచ్చి దాన్ని కూల్చింది. వాడు మొదటిసారి రెండో కార్డు కోసం చెయ్యి చాపాడు. మూడో స్థానంలో బావురుపిల్లిని పెట్టాను. వేళ్ళ మధ్య కొంతమేర పొర ఉండి, నీళ్ళలోకి దూకి చేపను పట్టే పిల్లి ఇది. కృష్ణా అభయారణ్యం మడల్లో ఉంది, ప్రపంచంలో ముప్పులో ఉన్న జాతి. ఇక ఆ జట్టు వెన్నెముక ఆటుపోట్లు. మూడు విడతలకోసారి పోటు పాటుగా, పాటు పోటుగా మారుతుంది. పాటులో పీతా చేపా ముందు కొడతాయి. పోటులో పిల్లి ముందు దూకుతుంది. సముద్రంలో ఈ మార్పు సుమారు ఆరుంపావు గంటలకోసారి. బల్ల మీద మూడు విడతలు చాలు.

గుడివాడ జట్టుకు మడితో పని. అక్కడి రైతును ఎవరినడిగినా శత్రువు పేరు తడుముకోకుండా చెబుతాడు: సుడిదోమ. గింజంత గోధుమరంగు పురుగు, వరి మొదట్లో చేరి రసం పీలుస్తుంది. చేను అక్కడక్కడా సుళ్ళుసుళ్ళుగా ఎండిపోతుంది, పేరు అందుకే. గుడ్లను ఆకుతొడిమ కణజాలం లోపల పెడుతుంది. పైరు పచ్చగా ఉన్నంతకాలం రెక్కలు పొట్టివిగా ఉండి గుడ్లు విరివిగా పెట్టే రూపం ఉంటుంది. గుంపు పెరిగి తిండి తరిగేసరికి పొడుగు రెక్కల రూపం పుట్టి మరో చేనికి ఎగిరిపోతుంది. రూపం మార్చుకునే జీవిని ఊహించడానికి ఏ రూపకర్తా కష్టపడక్కరలేదు, గుడివాడ పొలంలో సిద్ధంగా ఉంది.

దీని నియమమే ఈ మూడు జట్లలో నాకు ఎక్కువ ఇష్టం. ఆటగాడి చేలో మొదటినుంచీ ఇద్దరు మిత్రులుంటారు, సాలీడు, మిరిడ్ నల్లి. దోమలు పదితో మొదలై విడతకు రెట్టింపవుతాయి. మిత్రులిద్దరూ కలిసి విడతకు పది తింటారు. పది ఇరవై అయి మళ్ళీ పదికి వస్తుంది. చూసేవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది, అక్కడే ఆటగాడికి ఓపిక పోతుంది. చేతిలో ‘మందు’ కార్డు ఉంది, ఒక్క దెబ్బకు చేలో అన్నిటినీ చంపుతుంది. కొట్టాడనుకోండి. దోమలు రెండు మిగులుతాయి, ఆకుతొడిమలో గుడ్లున్నాయి కదా. మిత్రులు ఇద్దరూ పోతారు. తర్వాత 4, 8, 16, 32, 64. అయిదు విడతల్లో చేను సుడి. గెలిచే కార్డు పేరు కాలిబాట. రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల బాట తీస్తే గాలీ వెలుతురూ మొదళ్ళకు తగిలి దోమ పెరుగుదల తగ్గుతుందని మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్ళుగా చెబుతున్నదే. బాట తీశాక పది ఇరవైకి బదులు పదిహేనే అవుతుంది, మిత్రులు పది తింటారు, అయిదు మిగులుతుంది.

అంకెలు నా ఆట కోసం వేసినవి, కథ మాత్రం జరిగింది. ఆగ్నేయాసియా వరి దేశాల్లో మందులు పెరిగినకొద్దీ సుడిదోమ పెరిగింది, సాలీళ్ళూ నల్లులూ ముందు చచ్చాయి గనుక. 1986లో ఇండోనేసియా ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మా మేనల్లుడు రెండుసార్లు మందు కొట్టి ఓడాడు. మూడోసారి కార్డు ఎత్తి, చూసి, కింద పెట్టాడు.

దివిసీమకు వచ్చేసరికి చెయ్యి కాస్త తడబడింది. అక్కడి మడుల్లో, లంకల్లో వానాకాలం అంటే పాముల కాలం. జట్టు విష వర్గం: నాగుపాము, కట్లపాము, రక్తపింజర. మూడింటికీ ఒకే ‘విషం’ అని రాస్తే అది బందరు మొదటి జట్టులాగే ఒకే కార్డు మూడుసార్లు వచ్చినట్టవుతుంది, పైగా అబద్ధం. నాగు విషం నరాలను పట్టడంతోపాటు కాటు చోట వాపు తెస్తుంది. కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి ఉండకపోవచ్చు, తెల్లవారేసరికి రెప్పలు వాలి ఊపిరి ఆడదు. రక్తపింజర విషంతో నెత్తురు గడ్డకట్టడం ఆగిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆసుపత్రిలో దీన్ని తెలుసుకునే తీరు చాలా తేలిక. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల నెత్తురు పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. ఇంకా జారుతుంటే విషం నెత్తురుకెక్కినట్టే.

విరుగుడు మందు మాత్రం ఒకటే. మన దేశంలో వాడే సీరం ఈ మూడింటికీ, నాలుగోదైన చిన్నపింజరకూ కలిపి పనిచేస్తుంది. అందుకే ఈ జట్టు నియమం దూరం. కాటు పడ్డ జీవిని ఎన్ని విడతల్లో ఆసుపత్రి గడికి చేర్చారన్నదే లెక్క. ఎదురుమొండి దీవి గడి నుంచి బయల్దేరితే ఏటిపాయ దాటడానికి ఒక విడత అదనం. మంత్రం కార్డు కూడా పెట్టాను. అది మూడు విడతలు తింటుంది, విషాన్ని ఇసుమంత కూడా తగ్గించదు. ఆటలో ఆ కార్డు ఎత్తినవాడు ఓడాలి. తెలిసి ఓడాలి.

దివిసీమ అంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది పాములు కావు. 1977 నవంబరు 19. ఆ రోజు వచ్చిన తుపాను ఉప్పెనలో వేలమంది పోయారు. ప్రభుత్వ లెక్కలే పదివేల దగ్గర ఉన్నాయి. తుపాను ఆటకు బాగుంటుందని, దివిసీమ పెద్ద చేతిలో ఆఖరి అస్త్రంగా పెట్టొచ్చని ఎవరైనా అనవచ్చు. నేను పెట్టను. ఇంట్లో మనుషులను నీళ్ళకు అప్పగించిన కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఉప్పెన ఈ ఆటలో ఎవరి ఆయుధమూ కాదు. అది వచ్చిన విడతలో ఇద్దరూ పోరు ఆపి, ఎవరి చేతిలో మడచెట్టు కార్డులుంటే వారు ఒడ్డున పేర్చాలి. కార్డులు చాలకపోతే ఇద్దరూ ఓడతారు. మడ కెరటాల జోరును తగ్గిస్తుందన్నది శాస్త్రం ఒప్పుకున్న విషయం. బందరు పెద్దను ఓడించినవాడికే మడ కార్డులు దక్కుతాయి కనుక, మూడు ఊళ్ళకూ ముడి అక్కడ పడింది.

మన పెద్దలకు అసమానమైన జట్లతో సమానమైన పోరు పెట్టడం కొత్త కాదు. గుడి మెట్ల మీద, మండపాల బండల మీద గీసిన పులిజూదం చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. ఒకదానికి కోర, ఇంకొకదానికి గుంపు.

ఇది రాస్తున్నది బందరు మీద మోజుతో కాదు. మీది తుని కావచ్చు, నల్లమల కావచ్చు. ఈ సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని మీ ఊరి చెరువు గట్టు మీద ఒక గంట కదలకుండా కూర్చోండి. ఏది దేన్ని తింటోందో, ఏది ఎప్పుడు దాక్కుంటోందో కాగితం మీద పెట్టండి. మూడు జీవులు, ఒక్కోదానికి 60 ప్రాణం, 20 దెబ్బ, ఊరి నియమం ఒకటి. ముందు పిల్లల చేత ఆడించండి, వాళ్ళు తేలిగ్గా గెలిస్తే మళ్ళీ గట్టు మీదికి వెళ్ళండి.